వందేళ్ళ నాటి హత్య, పాడుబావిలో ఎముకలు: డీఎన్‌ఏతో తేలుద్దా?

కనిగిరి_కొండగాలి
మా ఊరి పాడుబావి పూడిక తీస్తుంటే పన్నెండడుగుల లోతులో మనిషి ఎముకలు బయటపడినాయి. పుర్రె, కింద దవడ, తొడ ఎముకలు రెండు, పక్కటెముకలు కొన్ని. 1920ల్లో కనపడకుండా పోయిన పాత కరణం గారివేనని ఊళ్ళో పెద్దోళ్ళందరిదీ ఒకటే మాట. గట్టు తగాదాలో చంపి బావిలో వేశారని తాతల నాటి నుంచి చెప్పుకుంటా వస్తున్నారు. ఆయన కండువా అని ఒక ఇంట్లో ఇనప్పెట్టెలో మరకల గుడ్డ కూడా దాచిపెట్టుండారు. నా ప్రశ్నలు మూడు. ఈ ఎముకలు ఆయనవో కావో డీఎన్‌ఏ చెప్పగలదా? ఎవరు చంపిందీ చెప్పగలదా? ఎక్కడికి పంపాలి? లండన్‌లో ఎవరో తెలియకుండా పోయిన హంతకుడు జాక్ ది రిప్పర్ కేసే డీఎన్‌ఏతో తేల్చేశారని వీడియోల్లో చెప్తుండారు, మనది తేలదా?

పెన్నా_ఇసుక
ఎముకలు ఇప్పుడు ఎక్కడున్నాయి, ఎట్టున్నాయి? కడిగారా?

కనిగిరి_కొండగాలి
కడగలేదు. గోనెసంచిలో వేసి గుడి వెనక వసారాలో పెట్టారు. ఒక పెద్దాయన పసుపునీళ్ళు చల్లబోతే ఆపినాం.

ఎముకల_బడి
ఆపి మంచి పని చేశారు. ఇక నుంచి చెయ్యాల్సినవీ, చెయ్యకూడనివీ చెప్తా.

వట్టి చేత్తో ముట్టుకోవద్దు. నైట్రైల్ గ్లౌజులు, మాస్కు, తలకి టోపీ ఉండాలి. ఎముక మీద దగ్గినా తుమ్మినా మీ డీఎన్‌ఏ వందేళ్ళ నాటి డీఎన్‌ఏ కన్నా చాలా ఎక్కువ చేరుద్ది. నీళ్ళతో కడగొద్దు, ఫినాయిలు వద్దు, బ్రష్షుతో రుద్దొద్దు. మట్టి అట్నే ఉండనీయండి. ఎండలో ఆరబెట్టొద్దు, నీడలో గాలికి ఆరనీయండి. తడి ఉండగా ప్లాస్టిక్ సంచిలో మూతి కడితే రెండు రోజుల్లో బూజు పట్టుద్ది, ఆ బూజు డీఎన్‌ఏని తింటుంది. ఒక్కో ఎముకకి ఒక్కో కాగితం కవరు, పైన అట్టపెట్టె. కవరు మీద ఎంత లోతులో, బావికి ఏ పక్కన దొరికిందో రాయండి.

పక్కటెముకల మీద ఆశ పెట్టుకోవద్దు, లోపలంతా స్పాంజిలాగా ఉంటాయి, తొందరగా పాడైపోతాయి. పనికొచ్చేవి మూడు. పుర్రెలో చెవి లోపలి భాగాన్ని చుట్టి ఉండే రాతిలాంటి ఎముక, దాన్ని పెట్రస్ అంటారు. దవడలో వేరు విరగని మోలారు పన్ను. తొడ ఎముక నడిమి భాగం. పుర్రె దొరికింది గనక పెట్రస్ ఉందో లేదో చూపించండి, ఉంటే మీ అదృష్టం.

కావలి_వకీలు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అంతకన్నా ముందు పోలీస్ స్టేషనుకీ, తహసీల్దారుకీ రాతపూర్వకంగా తెలియజేయాలి. అవి 1920ల నాటివని ఎవరు చెప్పారు? ఊరి మాట. 1990ల్లో కనపడకుండా పోయిన మనిషివి కావని ఏంటి నమ్మకం? హత్యకి కాలపరిమితి లేదు. అనుమానాస్పద మృతి అంటే పాత సీఆర్‌పీసీ 174, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 194 కింద పంచనామా జరగాలి. వసారాలోంచి ఎముకలు ఎవరన్నా తీసుకుపోతే రేపు సాక్ష్యం చెరిపారనే మాట మీ మీదికి వస్తుంది.

ఒంగోలు_గిత్త
స్టేషనుకిస్తే అది ఏళ్ళ తరబడి మూలన పడుద్ది వకీలు గారూ. నేరుగా ల్యాబుకి పంపితే పోలా?

కావలి_వకీలు
పోదు. హైదరాబాద్ సీడీఎఫ్‌డీ లాంటి చోట డీఎన్‌ఏ వేలిముద్ర పరీక్షకి నమూనా కోర్టు ద్వారానో పోలీసుల ద్వారానో రావాలి. మామూలు మనిషి కొరియర్లో ఎముక పంపితే తీసుకోరు. తీసుకునేవాళ్ళు దొరికినా, పంచనామా లేకుండా, సీలు లేకుండా, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో రాతలో లేకుండా వచ్చిన ఫలితానికి కోర్టులో విలువ ఉండదు. ఊళ్ళో రెండు కుటుంబాల మధ్య మాత్రం చిచ్చు పెడుతుంది.

పోలీసులకి అది పాత ఎముకని తేలి, నిందితులు ఎవరూ బతికి లేరని తెలిస్తే కేసు అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు చరిత్ర పరిశోధన కింద పాత డీఎన్‌ఏ ల్యాబు ఉన్న సంస్థని, అంటే హైదరాబాద్ సీసీఎంబీ, లక్నో బీర్బల్ సాహ్ని సంస్థ లాంటి వాటిని, అధికారుల లేఖతో అడగొచ్చు. వాళ్ళకి ఆసక్తి కలగాలి, అది వేరే సంగతి.

గూడూరు_మైకా
మొదటి పోస్టులో రిప్పర్ మాట వచ్చింది గదా. తేలలేదబ్బా. 1888లో రిప్పర్ చంపిన కేథరిన్ ఎడోస్ దగ్గర దొరికిందని చెప్పే శాలువా ఒకటుంది. దాని మీద ఆమె డీఎన్‌ఏ, కోస్మిన్‌స్కీ అనే అనుమానితుడి డీఎన్‌ఏ ఉన్నాయని 2014లో పుస్తకంలో, 2019లో ఒక జర్నల్లో చెప్పారు. ఆ రాత్రి పోలీసులు రాసుకున్న వస్తువుల పట్టీలో ఆ శాలువా లేదు. పట్టీలో లేని గుడ్డ ఎన్నో చేతులు మారి వచ్చింది. పైగా పోల్చింది మైటోకాండ్రియల్ డీఎన్‌ఏని, అంటే తల్లి నుంచి మాత్రమే పిల్లలకి వచ్చేదాన్ని, అది వేల మందిలో ఒకేలా ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు, ఆ డీఎన్‌ఏలో 314.1సీ అనే అరుదైన మార్పు కనపడిందన్నారు. నిజానికి దాన్ని రాయాల్సిన పద్ధతి 315.1సీ. అది యూరప్ వాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ఉంటుంది. అరుదు అనుకున్నది అందరిలో ఉండేది అయింది.

కనిగిరి_కొండగాలి
అట్టయితే మా ఇనప్పెట్టె కండువా కూడా ఆ శాలువా లాంటిదేనా?

కొత్తపట్నం_అల
దాదాపు అంతే, కానీ పారేయొద్దు. పొడిగా, చీకట్లో ఉన్న గుడ్డ మీది నెత్తురు మరకలో డీఎన్‌ఏ నీటి బావిలోని ఎముక కన్నా బాగా నిలబడొచ్చు. సమస్య ఎక్కడంటే, వందేళ్ళలో దాన్ని ఎంతమంది పట్టుకున్నారో ఎవరికీ తెలీదు. పండక్కి తీసి చూపించి మళ్ళీ మడత పెట్టిన ప్రతి చెయ్యీ అందులో ఉంటుంది.

పైగా ఆ మరక నెత్తురే అని ముందు తేలాలి. ఫినాల్ఫ్తలీన్ పరీక్ష చేస్తే నెత్తురుకి గులాబీ రంగు వస్తుంది, కానీ ఇనప్పెట్టె తుప్పుకీ, కొన్ని కూరగాయల రసాలకీ కూడా రంగు రావొచ్చు. అందుకని అది ‘నెత్తురు కావొచ్చు’ అని మాత్రమే చెప్తుంది. మనిషి నెత్తురా అని చూసే పరీక్ష దాని తర్వాత. అప్పుడు మరక నడిమి నుంచి సెంటీమీటరు చదరం ముక్క, మరక లేని చోట నుంచి అంతే ముక్క, రెండూ కోసి విడివిడిగా చెయ్యాలి. మరక లేని ముక్కలో కూడా అదే డీఎన్‌ఏ వస్తే అది పట్టుకున్నోళ్ళది. ఆ ఇంట్లో గుడ్డని తాకిన వాళ్ళందరి బుగ్గ లోపలి నమూనాలు కూడా తీసుకోవాలి, వాళ్ళని తీసేసి చూడటానికి.

వెంకటగిరి_జరీ
తాంబూలం మరక అయ్యే అవకాశం ఎక్కువ. ఆ రోజుల్లో ఏ కండువా మీద లేదూ?

ఒంగోలు_గిత్త
మరీ ఇంత నిరాశ దేనికి? రష్యా జారు (చక్రవర్తి) కుటుంబం కేసు తేలింది గదా. 1918లో చంపి గోతిలో పూడ్చేస్తే, డెబ్బై ఏళ్ళ పైన తీసి ఎవరెవరో చెప్పారు. మన కేసు కూడా వందేళ్ళే.

ఎముకల_బడి
గిత్త గారూ, మంచి ఉదాహరణ. అది ఎందుకు తేలిందో చూస్తే మనకి కావలసింది తెలుస్తుంది.

1991లో యెకతెరిన్‌బర్గ్ దగ్గర గోతిలోంచి తొమ్మిది అస్థిపంజరాలు తీశారు. రాణి అలెగ్జాండ్రాదీ, ముగ్గురు కూతుళ్ళదీ మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ బ్రిటన్ ప్రిన్స్ ఫిలిప్‌తో సరిపోయింది. ఫిలిప్ రాణికి ఏమవుతాడు? అక్క కూతురి కొడుకు. మైటోకాండ్రియా తల్లి నుంచి పిల్లలకి పోతుంది, కొడుకు దగ్గర ఆగిపోతుంది. అక్క నుంచి ఆమె కూతురికి, ఆ కూతురి నుంచి ఫిలిప్‌కి వరసగా ఆడవాళ్ళ మీదుగానే వచ్చింది గనక పనికొచ్చింది.

జారు దగ్గర చిక్కు వచ్చింది. ఆయన మైటోకాండ్రియాలో 16169 అనే చోట రెండు డీఎన్‌ఏ అక్షరాలు, సీ, టీ కలిసి కనపడినాయి. బతికున్న బంధువుల్లో టీ ఒక్కటే ఉంది. అది కలుషితమన్నవాళ్ళూ, ఆయన కాదన్నవాళ్ళూ బయల్దేరారు. 1994లో ఆయన తమ్ముడు గియోర్గి సమాధి తెరిచి చూస్తే ఆయనలోనూ అవే రెండూ ఉన్నాయి. దాంతో అనుమానం పోయి రుజువు గట్టిపడింది. మిగిలిన ఇద్దరు పిల్లల ఎముకలు 2007లో వేరే చోట దొరికాయి, 2009 నాటికి అవి కూడా తేలినాయి. ఎముకలు చల్లటి నేలలో ఉండటం, బంధువులెవరో కాగితాల మీద తిరుగులేకుండా రాసి ఉండటం, ఈ రెండే వాళ్ళ బలం. మీ కరణం గారికి మొదటిది లేదు. రెండోది ఉండాలి.

మైపాడు_తీరం
వేడి సంగతి ఎవరూ గట్టిగా చెప్పట్లేదు. న్యూజిలాండ్ మోవా పక్షి ఎముకల మీద 2012లో లెక్క కట్టారు. 13.1 డిగ్రీల్లో 242 అక్షరాల పొడవున్న మైటోకాండ్రియల్ ముక్కలు సగానికి తగ్గడానికి 521 ఏళ్ళు పట్టింది. వేడి పెరిగే కొద్దీ విరగడం వేగంగా పెరుగుతుంది. మన వైపు ఏడాది సగటే 28 దాటుద్ది. ఎండాకాలం ఒంగోల్లో మనుషులమే నిలవలేం, ఎముక ఏం నిలుస్తుంది!

హరియాణా రాఖీగఢీలో 61 నమూనాలు ప్రయత్నిస్తే ఒక్కదాంట్లోనే చదవగలిగినంత డీఎన్‌ఏ దొరికింది, 2019లో అచ్చయింది. అవి నాలుగున్నర వేల ఏళ్ళ నాటివనుకోండి. వందేళ్ళకి ఆశ చాలా ఎక్కువ. కానీ బావి అడుగు కదా, ఏటా వానాకాలం నీళ్ళొచ్చి మళ్ళీ ఎండుతుంటే అదే పెద్ద దెబ్బ.

పాలేరు_గట్టు
పాడుబావి అంటే పైన కప్పు లేని దిగుడుబావా? మట్టి నల్లరేగడా, ఎర్రదా?

కనిగిరి_కొండగాలి
రాళ్ళు కలిసిన ఎర్రమట్టి. బావి పూడిపోయి నలభై ఏళ్ళ పైనే అంటున్నారు. అడుగున ఎప్పుడూ కొంచెం చెమ్మ ఉంటుందంట.

మైపాడు_తీరం
ఎప్పుడూ చెమ్మగా ఉండటం, తడిసి ఎండి తడిసి ఎండటం కన్నా మేలు. మీరు పని చేయించేటప్పుడు పూడిక మట్టి కూడా అర కిలో వేరే కవర్లో తీసి ఉంచండి. మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం ఎముకలోకి దిగి పీసీఆర్‌ని, అంటే డీఎన్‌ఏకి కాపీలు తీసే పనిని ఆపేస్తుంది. మట్టి తీరు తెలిస్తే ల్యాబువాళ్ళు శుద్ధి పద్ధతి దానికి తగ్గట్టు మార్చుకుంటారు.

ఎముకల_బడి
ల్యాబులో ఏం జరుగుతుందో కొద్దిగా చెప్తా, మీరు పంపే ముక్క ఎందుకు ముఖ్యమో అర్థమవుద్ది. ముందు ఫొటోలు, ఎక్స్‌రే, కొలతలు, ఎందుకంటే తర్వాత ఎముక పాడు చెయ్యక తప్పదు. పైపొర ఒకటి రెండు మిల్లీమీటర్లు గీసి తీసేస్తారు, బ్లీచుతో తుడిచి అతినీలలోహిత కాంతి కింద పెడతారు. తక్కువ వేగం డ్రిల్లుతో పొడి తీస్తారు. వేగం పెంచితే వేడికి ఉన్న కాస్త డీఎన్‌ఏ కూడా పోతుంది. పెట్రస్ అయితే 50 మిల్లీగ్రాముల పొడి చాలు, తొడ ఎముక అయితే అర గ్రాము నుంచి గ్రాము దాకా. ఈడీటీఏ అనే రసాయనంలో కాల్షియం కరిగించి, ప్రొటీనేజ్-కే అనే ఎంజైముతో రాత్రంతా నానబెట్టి, డీఎన్‌ఏని సిలికా మీద పట్టుకుంటారు. ప్రతి బ్యాచ్‌లో ఎముక లేని ఖాళీ గొట్టం ఒకటి మొదటి నుంచి చివరి దాకా కూడా నడవాలి. ఆ ఖాళీ గొట్టంలో మనిషి డీఎన్‌ఏ కనపడితే మొత్తం పని మళ్ళీ మొదటికి.

పోలీసు కేసుల్లో వాడే ఎస్‌టీఆర్ గుర్తులు (డీఎన్‌ఏలో చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లు) ఒక్కోటి 100 నుంచి 450 అక్షరాల పొడవుంటాయి. పాత ఎముకలో ముక్కలు అంతకన్నా చిన్నవి. అందుకే మామూలు కిట్ సగం చోట్ల ఖాళీగా వస్తుంది. చిన్న ముక్కల్ని చదివే సీక్వెన్సింగ్ కావాలి. మైటోకాండ్రియా అయితే ఒక్కో కణంలో వందలు, వేలు ఉంటాయి గనక అదే ముందు దొరుకుతుంది. అందులోనూ చిన్న భాగం చాలదు, మొత్తం 16,569 అక్షరాలూ చదివించాలి. మన దేశంలో సగం మందికి పైగా ‘ఎం’ అనే పెద్ద శాఖ కిందికే వస్తారు గనక, పైపైన చూస్తే ఊరు ఊరంతా సరిపోతుంది.

ఉదయగిరి_దుర్గం
భారత్‌లో చరిత్ర హత్యలు తేలినవి ఉన్నాయి, ఎవరూ చెప్పలేదు. జార్జియా రాణి కెటెవాన్‌ని 1624లో ఇరాన్ షా అబ్బాస్ చంపించాడు. ఆమె ఎముకల్లో కొంత భాగం పోర్చుగీసు పాదరీలు గోవాకి తెచ్చారు. పాత గోవా సెయింట్ అగస్టీన్ శిథిలాల్లో దొరికిన ఎముక మీద సీసీఎంబీ వాళ్ళు పని చేశారు, 2014లో అచ్చయింది. మైటోకాండ్రియా యూ1బీ అనే శాఖది. అది జార్జియాలో ఉంటుంది, మన దేశంలో కనపడదు. దాంతో ఆమెదే అయ్యుండాలని తేల్చారు. గోవా ఉక్కలో కూడా నిలిచింది చూడండి.

రెండోది పంజాబ్ అజ్నాలా. 1857లో లాహోర్ మియాన్ మీర్ దగ్గరి 26వ రెజిమెంటు సిపాయిల్ని 282 మందిని బ్రిటిషువాళ్ళు చంపి బావిలో పడేశారు. 2014లో ఊరివాళ్ళు ఆ బావి తవ్వారు. 50 నమూనాల డీఎన్‌ఏ, 85 నమూనాల ఐసోటోపులు (తిండి, నీళ్ళు ఎక్కడివో చెప్పే గుర్తులు) చూసి 2022లో వీళ్ళు గంగా మైదానం నుంచి వచ్చినవాళ్ళని చెప్పారు. అది కూడా బావే, కనిగిరి వాళ్ళు గమనించాలి.

పాలేరు_గట్టు
దుర్గం గారూ, రెండూ మంచివే, కానీ రెండిట్లోనూ ప్రశ్న వేరు. కెటెవాన్ గోవాకి పరాయి మనిషి. ఎక్కడిదో చెప్తే చాలు, ఎవరిదో తేలిపోయింది. అజ్నాలాలో కూడా ‘పంజాబీలా, తూర్పు వాళ్ళా’ అన్నదే ప్రశ్న, పేర్లు తేల్చలేదు. కరణం గారు కనిగిరిలో పుట్టి కనిగిరిలో పోయిన మనిషి. ఎక్కడివాడో చెప్తే ఉపయోగం లేదు. ఫలానా ఇంటి మనిషి అని తేలాలి, దానికి బంధువు కావాలి.

అజ్నాలాలో ఊరివాళ్ళు పద్ధతి లేకుండా తవ్వేసరికి ఎముకలన్నీ కలిసిపోయాయి. ఏ పుర్రె ఏ దవడదో తెలీదు. ఇక్కడ కూడా ఆ దవడా ఆ పుర్రె ఒకే మనిషివని ఎవరు చెప్పారు? రెండు తొడ ఎముకల పొడవు ముందు కొలవండి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఒకే మనిషిలో కూడా ఉంటుంది, బాగా ఎక్కువుంటే మాత్రం ఇద్దరని అనుమానించాలి.

కనిగిరి_కొండగాలి
బంధువులు ఉన్నారు. కరణం గారి కొడుకు వైపు మునిమనవలు ఒంగోల్లో ఉన్నారు. అక్కగారి సంతానం కావలిలో. ఎవర్ని అడగాలి?

పాలేరు_గట్టు
ఇక్కడే మన తెలుగోళ్ళ చుట్టరికం తెలిసుండాలి. పాశ్చాత్యుల పద్ధతి పుస్తకం చూసి చేస్తే తప్పు దారి పడతాం.

మైటోకాండ్రియాకి: అక్కగారి కూతురు, ఆ కూతురి కూతురు, ఇట్టా ఆడవాళ్ళ వరసలో వచ్చినవాళ్ళు కావాలి. చివరి మనిషి మగవాడైనా పర్లేదు, మధ్యలో మగవాడు ఉండకూడదు. కావలిలో ఉన్నవాళ్ళు అక్కగారి కొడుకు సంతానమైతే పనికిరారు.

కొడుకు వైపువాళ్ళలో కరణం గారి మైటోకాండ్రియా ఉండదు, మామూలుగా. కానీ ఆయన అక్క కూతుర్ని చేసుకున్నాడా? చేసుకునుంటే ఆవిడలో ఉన్నది ఆయన తల్లి మైటోకాండ్రియానే, అంటే ఆయనదే. అప్పుడు ఆయన పిల్లలందరిలోనూ అదే ఉంటుంది, కూతుళ్ళ ద్వారా కిందికి కూడా దిగుతుంది. మేనత్త కూతుర్ని చేసుకుంటే పిల్లలకి వచ్చేది ఆయన నాన్నది. మేనమామ కూతురైతే బయటి నుంచి వచ్చిన అత్తగారిది. మేనరికం ఏ వైపు అన్నదాన్ని బట్టి మొత్తం మారిపోతుంది.

వై క్రోమోజోముకి (తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే పోయేది): ఒంగోలు మునిమనవలు కొడుకు కొడుకు కొడుకు అయితే సరిపోవాలి. మధ్యలో దత్తత ఉందా? ఇంటిపేరు, గోత్రం మారవు గానీ వై మారిపోతుంది. ఇంగ్లండు మూడో రిచర్డ్ రాజుకి 2014లో ఇదే జరిగింది. మైటోకాండ్రియా బంధువులతో సరిపోయింది, మగ వరసలో ఉన్న ఐదుగురితో వై సరిపోలేదు. అయిదు వందల ఏళ్ళలో ఎక్కడో వరస తెగింది. దాయాదినే దత్తత తీసుకునుంటే వై మారదు, అదీ గుర్తుపెట్టుకోవాలి.

వెంకటగిరి_జరీ
మేనరికాలు నాలుగు తరాలు వరసగా జరిగితే మామూలు క్రోమోజోముల లెక్క ఏమవుద్ది?

పాలేరు_గట్టు
పెరుగుద్ది. మామూలుగా మనవడిలో తాత డీఎన్‌ఏ నాలుగో వంతు, మునిమనవడిలో ఎనిమిదో వంతు. మేనరికాల ఇంట్లో అంతకన్నా ఎక్కువ కనపడుద్ది, దూరపు బంధువు దగ్గరివాడిలా తేలతాడు. మేనమామ, మేనకోడలు పెళ్ళిలో పుట్టిన బిడ్డకి అంతఃప్రజనన గుణకం (అమ్మ వైపు, నాన్న వైపు నుంచి ఒకే డీఎన్‌ఏ వచ్చే పాలు) ఎనిమిదిలో ఒకటి, మేనబావ మరదళ్ళ బిడ్డకి పదహారులో ఒకటి. దీన్ని లెక్కలోకి తీసుకోని సాఫ్ట్‌వేర్ ‘మునిమనవడే’ అని ధీమాగా చెప్పేస్తుంది, నిజానికి తమ్ముడి మునిమనవడు కావొచ్చు. అందుకే ల్యాబుకి నమూనాతో పాటు వంశవృక్షం పంపాలి, పెళ్ళిళ్ళతో సహా. పోల్చే సామాన్య జనాభా కూడా అదే కులం, అదే ప్రాంతం వాళ్ళది అయ్యుండాలి.

ఒంగోలు_గిత్త
సరే, ఎముకలు ఆయనవేనని తేలిందనుకుందాం. చంపిందెవరో? బోస్టన్‌లో తేల్చారు గదా, 1964 హత్య 2013లో. చనిపోయిన డిసాల్వో అన్నవాడే చేశాడని.

గూడూరు_మైకా
అక్కడ హంతకుడి శరీర ద్రవం శవం మీద, దుప్పటి మీద దొరికి, యాభై ఏళ్ళు భద్రంగా దాచి ఉంది. తోడబుట్టినవాడి కొడుకు తాగి పారేసిన నీళ్ళ సీసాలోంచి వై పోల్చారు, తర్వాత సమాధి తవ్వి ఖాయం చేశారు. ఇక్కడ బావిలో హంతకుడి శరీరం నుంచి ఏం మిగులుద్ది? కర్రతో కొట్టినా, కత్తితో పొడిచినా ఎముక మీద గాటు ఉంటుంది గానీ కొట్టినవాడి పేరు ఉండదు.

పాలేరు_గట్టు
ఇంకో చిక్కు. గట్టు తగాదా అన్నారు. గట్టు తగాదా అంటే చాలా మటుకు దాయాదులే. ఇద్దరూ ఒకే ముత్తాత కొడుకుల వరస అయితే హతుడి వై, హంతకుడి వై ఒకటే. 23 గుర్తులు చూసినా 27 చూసినా చాలాసార్లు తేడా రాదు. కండువా మీద ఆ వై దొరికినా అది చచ్చినవాడిదో చంపినవాడిదో చెప్పలేరు.

కావలి_వకీలు
పాలేరు గట్టు గారి మాట అక్షరాలా నిజం. డీఎన్‌ఏ ‘ఈ పదార్థం ఎవరిది’ అని మాత్రమే చెప్తుంది. అది అక్కడికి ఎప్పుడు, ఎందుకు వచ్చిందో సాక్షులూ కాగితాలూ చెప్పాలి.

మార్కాపురం_పలక
కాగితాలంటే నేను చెప్తా. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది. అప్పటి దాకా కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉంది. ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు. అందుకని 1920ల కనిగిరి హత్య కేసు కాగితాలు ఒంగోల్లో వెతికితే దొరకవు, నెల్లూరు సెషన్స్ కోర్టు రికార్డులు చూడాలి. ఉరిశిక్ష పడితే మద్రాసు హైకోర్టు ఖాయం చెయ్యాలి, ఆ తీర్పుల్లో కొన్ని మద్రాసు లా రిపోర్టుల్లో అచ్చయి ఉంటాయి. జిల్లా పాలనా కాగితాలు కొన్ని చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు.

ఆ రోజుల్లో నెత్తురు మరకల గుడ్డలు మద్రాసు కెమికల్ ఎగ్జామినర్‌కి పోయేవి. మనిషి నెత్తురా అని చూడటానికి కలకత్తా సీరాలజిస్టుకి పంపేవాళ్ళు. కేసు అప్పుడు నమోదయి ఉంటే గుడ్డ పోలీసుల దగ్గర ఉండేది, ఇంట్లో ఇనప్పెట్టెలో ఉండదు. పెట్టెలోని గుడ్డ ఎట్లా వచ్చిందో ముందు అడగండి.

పెన్నా_ఇసుక
కరణం గారి లెక్కలు వందేళ్ళయినా సరిచూస్తున్నారు మీరంతా, ఆయనుంటే సంతోషపడేవారు.

కొత్తపట్నం_అల
పలక గారి మాట బాగుంది. 1910లో లండన్‌లో భార్యని చంపాడని ఉరితీసిన డాక్టర్ క్రిపెన్ కేసు గుర్తొచ్చింది. ఆ నేలమాళిగలో దొరికిన శరీరభాగం స్లైడు దాచి ఉంచితే, 2007లో మిచిగాన్‌లో పరీక్షించి అది భార్యది కాదన్నారు, ఆ తర్వాత మగవాడిదన్నారు. కానీ పోల్చిన బంధువులు నిజంగా ఆమె తల్లి వరసేనా, ఆ స్లైడు అదేనా అన్న అనుమానాలు తేలలేదు. కాగితం సరిగ్గా లేకపోతే డీఎన్‌ఏ ఎంత కచ్చితంగా చదివినా తగాదా మిగిలిపోతుంది.

ఉదయగిరి_దుర్గం
ఎముకలు అసలు 1920ల నాటివా కాదా అని కార్బన్ పరీక్ష చెప్పలేదా?

ఎముకల_బడి
తేదీ చెప్పలేదు. 1650కీ 1950కీ మధ్య కార్బన్ గీత పైకీ కిందకీ ఊగుతుంది, ఏ దశాబ్దమో పట్టుబడదు. కానీ ఒక్క విషయం గట్టిగా చెప్తుంది. 1950ల అణుపరీక్షల తర్వాత గాలిలో రేడియో కార్బన్ బాగా పెరిగింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికినవాళ్ళ ఎముకల్లో అది కనపడి తీరుతుంది. కనపడితే కరణం కథ అక్కడితో అయిపోయినట్టే, అది పోలీసు కేసు. వకీలు గారు మొదట అడిగింది దీనితో తేలుతుంది. ఇది డీఎన్‌ఏ కన్నా ముందు చేయించాలి.

ఇంకోటి, కటి ఎముక దొరికిందా? అది లేకపోతే పుర్రె చూసి మగా ఆడా అని చెప్పడంలో తప్పు జరగొచ్చు. డీఎన్‌ఏలో వై ఉందో లేదో ముందే తెలిసిపోతుంది. ఆడమనిషి అని తేలితే మిగతా పరీక్షలకి ఖర్చు పెట్టక్కర్లేదు.

కనిగిరి_కొండగాలి
కటి ఎముక దొరకలేదు, ఇంకా రెండడుగుల పూడిక ఉంది. పుర్రె వెనక పెద్ద పగులు ఉంది. అది దెబ్బేనా?

ఎముకల_బడి
తవ్వడం ఆపండి. మిగతా రెండడుగులూ పోలీసుల సమక్షంలో, జల్లెడ పట్టి తియ్యాలి. చేతి వేళ్ళ ఎముకలు, పళ్ళు, గుండీలు, నాణేలు ఆ మట్టిలోనే పోతాయి. 1926 ముద్ర ఉన్న నాణెం ఒక్కటి ఎముకల కింద దొరికితే, ఎముకలు ఆ ఏటికి ముందు బావిలో పడినవి కావని చెప్పొచ్చు.

పగులు అంచు రంగు చూడమనండి. అంచు మిగతా ఎముక రంగులోనే, మట్టి పట్టి ఉంటే పాత పగులు. తెల్లగా, కొత్తగా ఉంటే మొన్న గడ్డపార తగిలింది. ప్రాణం ఉన్నప్పుడు, లేదా పోయిన కొత్తలో పగిలితే అంచు నున్నగా, వాలుగా ఉంటుంది. ఎండిపోయాక పగిలితే గరుగ్గా, నిటారుగా విరుగుతుంది. ఫొటో చూసి చెప్పే పని కాదు, ఫోరెన్సిక్ డాక్టరు చేత్తో పట్టుకుని చూడాలి. బావిలో పడినప్పుడు రాయికి తగిలినా పగులుద్ది.

మైపాడు_తీరం
నమూనా తీసేటప్పుడు మామూలు దూది పుల్లలు వాడొద్దని కూడా చెప్పండి. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సుల్లో 2009 దాకా ఒకే ఆడమనిషి డీఎన్‌ఏ నలభై దాకా నేరస్థలాల్లో దొరికితే అంతా ఆమె కోసం వెతికారు. చివరికి అది దూది పుల్లలు తయారుచేసే చోట పనిచేసే ఆమెది. పుల్లలు క్రిమిరహితమే, డీఎన్‌ఏ రహితం కావు. కొనేటప్పుడు ‘డీఎన్‌ఏ రహితం’ అని రాసి ఉన్నవే కొనాలి.

వెంకటగిరి_జరీ
ఒంగోలువాళ్ళూ, కావలివాళ్ళూ బుగ్గ నమూనా ఇవ్వడానికి ఒప్పుకుంటారా? దత్తత సంగతో, ఇంకేదో బయటపడితే?

కావలి_వకీలు
అందుకే నమూనాకి ముందే రాతపూర్వక సమ్మతి. అందులో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: దేనికి వాడతారు, పరీక్ష అయ్యాక నమూనా పారేస్తారా దాస్తారా, వాళ్ళ కుటుంబ వరసలో అనుకోని తేడా కనపడితే వాళ్ళకి చెప్పాలా వద్దా. ‘వద్దు’ అనే హక్కు వాళ్ళది. బలవంతంగా తీసుకునే వీలు లేదు, బతికున్న మనిషి నమూనాకి కోర్టు కూడా గట్టి కారణం లేనిదే ఉత్తర్వు ఇవ్వదు. మీ ఊరి పెద్దలు ఒత్తిడి పెడితే ఆపండి.

చంపినవాళ్ళని చెప్పుకునే కుటుంబం వాళ్ళు కూడా ఊళ్ళోనే ఉంటారు గదా. వాళ్ళ పేరు ఈ చర్చలో ఎవరూ అడగలేదు, అడగొద్దు కూడా.

కనిగిరి_కొండగాలి
తవ్వడం ఆపేశారు. రేపు పొద్దున వీఆర్వో గారికీ ఎస్సై గారికీ కాగితం ఇస్తాం. కవర్లు మార్చినాం, గ్లౌజులేసుకుని. కావలి అక్కగారి వైపు చూస్తే, అక్క కూతురి కూతురు బతికుందంట, ఎనభై ఏళ్ళు దాటినాయి. ఆమెకి కూతుళ్ళు ఇద్దరు. కరణం గారు ఎవర్ని చేసుకున్నారో ఒంగోలువాళ్ళకి తెలుసేమో అడగాలి.

పాలేరు_గట్టు
ఆ పెద్దావిడని ముందు అడగండి. ఆమె ఒప్పుకుంటే నమూనా ఆమెదే తియ్యండి, ఒక తరం దగ్గర. కరణం గారి భార్య పుట్టింటి ఇంటిపేరూ, ఆవిడ అమ్మ ఎవరన్నదీ కూడా ఆమెకే తెలిసుండే అవకాశం ఎక్కువ. కాగితం మీద రాసుకుని రండి, గుర్తుల్లో వంశవృక్షం గీసి పెడతాను.

ఎముకల_బడి
నమూనా రెండు బుగ్గలవీ రెండేసి పుల్లలు, అన్నం తిన్నాక గంట ఆగి, నోరు పుక్కిలించిన తర్వాత. పుల్లని నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ఆ కవరు ఎముకలు ఉన్న గదిలోకి తీసుకుపోవద్దు, ఎముకలు ముట్టుకున్న మనిషి ఆ నమూనా తియ్యొద్దు.